నాలుగు చక్రాలూ నేల మీదే ఉండాలి

దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్. సింగరేణి ఇళ్ళలో పెద్ద ఖర్చులకు ముహూర్తాలు ఇవే. పిల్లల ఫీజులు, చిట్టీ బాకీలు, చుట్టాల పెళ్ళి కట్నాలు పోగా మిగిలింది చాలాసార్లు బండి మీదికే పోతుంది. నస్పూర్‌లో, సీసీసీ క్వార్టర్లలో, శ్రీరాంపూర్ కాలనీలో ఇంటి ముందు చిన్న కారు ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు. స్విఫ్టో, ఆల్టోనో, వ్యాగనారో ఉంటుంది. బోనస్ పడిన వారంలో ఆ కార్లు మార్పులు చేసే దుకాణాల ముందు వరసకడతాయి. కొన్ని బాగుపడి వస్తాయి. ఎక్కువ బండ్లు డబ్బు పోగొట్టుకుని, ముందున్న పట్టు కూడా పోగొట్టుకుని వస్తాయి. గనుల యంత్రాల దగ్గర ఫిట్టరుగా ఇన్నేళ్ళు పనిచేసినవాణ్ణి కాబట్టి ఇది చూస్తే నాకు బాధేస్తుంది. కష్టం చేసి సంపాదించిన డబ్బు అది.

మా మేనల్లుడు ఒక సాయంత్రం ఫోన్‌లో వీడియో చూపిస్తూ వచ్చాడు.

"మామా, మూల మీద బండి బాగ ఒరుగుతున్నది. లోయరింగ్ స్ప్రింగులు ఏపిస్త. రెండించులు కిందికి దిగుతదట. రోడ్డుకు అతుక్కపోతదట."

"ఏ మూల మీదరా?"

"అన్ని మూలల మీద."

"ఒక్కనివే ఉన్నప్పుడా, ఇంటిల్లిపాది ఎక్కినప్పుడా? ఎండలనా, వానలనా? ముందు టైర్లు జారుతున్నయా, ఎనక జారుతున్నదా?"

వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "గదేం జూడలే మామా."

చూడకుండా కొనవద్దని చెప్పాను. డాక్టరు దగ్గరికి పోయి "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకుంటే మందు రాయలేడు కదా. బండికీ అంతే. ఒక చిన్న నోట్‌బుక్ కొని డ్యాష్‌బోర్డు అరలో పెట్టమన్నాను. ఒక వారం పాటు తిరిగిన దారి, అప్పటి బరువు, వేగం, బండి చేసిన పని రాయాలి. రాయడం బండి ఆపాకే. మూల తిప్పినప్పుడు ముక్కు తిరగనని మొండికేసి బయటికి పోతుందా, తోక జారుతుందా? స్పీడ్ బ్రేకర్ దిగాక ఒకసారి ఊగి ఆగుతుందా, మూడుసార్లు ఊగుతుందా? బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతుందా? గుంతలో పడితే "ధబ్" అంటుందా, "టక్ టక్" అంటుందా? ఈ రెండు శబ్దాలకూ వేరువేరు జబ్బులు. మొదటిది స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయి అడుగు తగలడం. రెండోది ఎక్కడో కీలు వదులైపోవడం.

మన దగ్గర పరీక్షకు వేరే ట్రాక్ అక్కర్లేదు. గోదావరిఖని నుంచి ఇటు వచ్చే గోదావరి బ్రిడ్జి మీద జాయింట్లు ఉన్నాయి. ఒకే వేగంతో వాటి మీద పోతూ స్టీరింగు చేతికి ఏం చెబుతుందో, నడుముకు ఏం చెబుతుందో గమనించండి. జాయింటుకొక్క దెబ్బ తగిలి ఆగిపోతే షాకప్ బతికే ఉంది. ఒక దెబ్బ తాలూకు ఊపు పోకముందే రెండోది వచ్చి కలిసి, బండి పడవలా తేలుతుంటే దాని పని అయిపోయింది.

పట్టు అంటే ఏమిటో ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. కారు మొత్తం బరువు నేలను తాకేది నాలుగు చోట్ల, ఒక్కోటి ఇంచుమించు అరచేయంత. తిరగడం, ఆగడం, పరుగెత్తడం అన్నీ ఆ నాలుగు అరచేతుల మీదే. చక్రం నేలను వదిలి గాల్లో ఉన్న క్షణంలో ఎంత ఖరీదైన టైరైనా ఏమీ చేయలేదు. అందుకే గట్టి బండి మంచి బండి అన్న నమ్మకం రేస్ ట్రాక్ మీద నిజం కావచ్చు, అక్కడ నేల అద్దంలా ఉంటుంది. బొగ్గు టిప్పర్లు తిరిగి గాడులు పడిన దారి మీద, నల్లరేగడి ఉబ్బి కుంగి అలలు తేలిన తారు మీద, మరీ గట్టి బండి ఎగిరెగిరి పడుతుంది. ఎగిరినంతసేపూ పట్టు సున్నా.

ఓపెన్‌కాస్ట్ గనిలో పనిచేసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. వంద టన్నుల డంపర్ బాగా నడవాలంటే ముందు హాల్ రోడ్డు మీద గ్రేడర్ తిరుగుతుంది, నీళ్ళ ట్యాంకర్ తిరుగుతుంది. ఆ తర్వాత డంపర్ సస్పెన్షన్ సిలిండర్లలో నూనె, నైట్రోజన్ సరిగా ఉన్నాయా, రాడ్డు ఎంత బయటికి ఉంది అని కొలుస్తారు. కొలవకుండా ఎవరూ గ్యాస్ ఎక్కించరు. మన కారు ముందు గ్రేడర్ తిరగదు. కాబట్టి ఆ పని కూడా సస్పెన్షనే చేయాలి. నస్పూర్ బండికి ఏం కొనాలన్నా నా లెక్క ఇక్కడినుంచే మొదలవుతుంది.

ముందు టైర్లు. గాలి సంగతి ఉదయం చల్లగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. మే నెలలో మధ్యాహ్నం మన ఎండకు కాలిన టైరులో చూసి "ఎక్కువుంది, తియ్" అంటే తెల్లారేసరికి అది తక్కువైపోతుంది. సరైన అంకె డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. ఒక్కరికీ నిండు బండికీ వేరువేరుగా ఇస్తే ఆ ప్రకారం పెట్టండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే చట్టం లెక్కలో కూడా టైరు అయిపోయినట్టే. వానాకాలానికి ముందు అంతదాకా ఆగకపోవడం మేలు.

పెద్ద టైరు మోజు గురించి ఒక కొలత చెబుతాను. 2018లో వచ్చిన స్విఫ్ట్‌కు కింది వేరియంట్లలో 165/80 ఆర్14, పై వేరియంట్‌లో 185/65 ఆర్15 టైరు ఇచ్చారు. లెక్కేస్తే మొదటిదాని మొత్తం వ్యాసం దాదాపు 620 మిల్లీమీటర్లు, రెండోదానిది 621.5. రిమ్ము ఒక అంగుళం పెరిగింది, టైరు వెడల్పు 20 మిల్లీమీటర్లు పెరిగింది, పక్కగోడ పొట్టిదైంది, మొత్తం ఎత్తు మాత్రం మారలేదు. స్పీడోమీటరు తప్పదు, ఫెండరుకు తగలదు. కంపెనీవాడే లెక్కగట్టి ఇచ్చిన మెరుగు ఇది. మీ మోడల్ పై వేరియంట్‌కు ఏం ఇచ్చారో చూసి అక్కడితో ఆగిపోండి. అంతకు మించి పోతే పక్కగోడ పలచనై గుంతకు రిమ్ము సొట్టపడుతుంది, చక్రం బరువెక్కి గతుకుల మీద నేలను అంటుకోవడం కష్టమవుతుంది.

ఇక అసలు డబ్బు పెట్టాల్సిన చోటు షాకప్‌లు. షాక్ అబ్జార్బర్ అన్న పేరే మనల్ని దారి తప్పిస్తుంది. దెబ్బను మింగేది స్ప్రింగు. మింగిన స్ప్రింగు ఊరుకోదు, తిరిగి తంతుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. ఆ ఊపును పట్టి ఆపేది షాకప్. లోపల పిస్టన్‌కు సన్నని రంధ్రాలు, వాల్వులు ఉంటాయి. వాటిగుండా నూనె కష్టంగా పోతుంది, ఊపు వేడిగా మారి గాలిలో కలుస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ సీళ్ళు అరుగుతాయి, నూనె చెమరుస్తుంది, వాల్వులు వదులవుతాయి. ఇదంతా రోజుకు ఇంత చొప్పున జరుగుతుంది కాబట్టి నడిపేవాడికి తెలియదు. బండితో పాటు మనమూ అలవాటు పడిపోతాం. వేరేవాళ్ళ కొత్త బండి ఎక్కినప్పుడే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

బానెట్ మూల మీద చేతులేసి నొక్కి వదిలే పరీక్ష అందరూ చేస్తారు. దానిలో దొరికేది పూర్తిగా చచ్చిన షాకప్ మాత్రమే. సగం చచ్చినది ఆ పరీక్షలో పాసైపోతుంది. బండి కిందికి వంగి షాకప్ ఒంటి మీద నూనె తడి, దాని మీద పట్టిన నల్లటి దుమ్ము పొర చూడండి. మన దగ్గర బొగ్గు దుమ్ము ఎలాగూ ఉంటుంది. పొడిగా రాలిపోతే దుమ్మే. జిగటగా వేలికి అంటితే సీలు పోయింది. టైరు మీద అరచేత్తో నిమిరితే అక్కడక్కడ పల్లాలు తగలడం కూడా అదే కథ చెప్పవచ్చు. అరిగిన షాకప్ మీద చక్రం ఎగిరి పడిన చోటల్లా రబ్బరు గీరుకుపోయింది.

మార్చితే ఒక ఇరుసుకు రెండూ కలిపి మార్చాలి. ఒక్కటే కొత్తది వేస్తే బ్రేకులో, మూలలో కుడి ఎడమలు వేరుగా ప్రవర్తిస్తాయి. కంపెనీ రకం వేయాలా, అంతకంటే కొంచెం గట్టిదా అన్నది మీ నోట్‌బుక్ చెబుతుంది. బండి ఊగడమే ఫిర్యాదైతే కొత్త కంపెనీ షాకప్ చాలు, అరవై డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగిన బండికి అదే పెద్ద అప్‌గ్రేడ్. రాజీవ్ రహదారి మీద తరచూ హైదరాబాద్ పోతారు, వేగంలో స్టీరింగుకు బండి ఆలస్యంగా స్పందిస్తుంది అనుకుంటే అదే కొలతలో కొంచెం గట్టి గ్యాస్ షాకప్ తీసుకోవచ్చు. నా మట్టుకు నేను మొదటిదానికే ఓటేస్తాను. షాకప్ మార్చేటప్పుడు పైన ఉండే స్ట్రట్ మౌంటు, దాని బేరింగు, రాడ్డు మీది బంప్ స్టాపర్, దుమ్ము తొడుగు కూడా కొత్తవి వేయించండి. వాటి ఖర్చు తక్కువ. తర్వాత ఒక్క మౌంటు కోసం మళ్ళీ అంతా ఊడదీయాలంటే కూలి రెండింతలు. ముఖ్యంగా ఆ తొడుగు చినిగితే మన దుమ్ము రాడ్డు మీద పడి ఉప్పుకాగితంలా సీలును గీరేస్తుంది.

తర్వాత కీళ్ళు. లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, స్టెబిలైజర్ లింక్ రాడ్లు, టై రాడ్ ఎండ్లు. "టక్ టక్" శబ్దం ఎక్కువగా వీటిదే. ఇక్కడ ఒక ఫిట్టరు రహస్యం చెబుతాను, ఎందుకంటే చాలా షెడ్లలో ఇదే తప్పు జరుగుతుంది. లోయర్ ఆర్మ్ బుష్ అంటే రెండు ఇనుప గొట్టాల మధ్య అతికిన రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం ఫ్రేముకు పట్టుకుంటుంది, ఆ క్షణంలో ఆర్మ్ ఏ కోణంలో ఉందో అదే రబ్బరుకు విశ్రాంతి స్థానం అవుతుంది. బండిని జాకీ మీద ఎత్తి, చక్రం వేలాడుతుండగా బిగిస్తే ఆర్మ్ కిందికి వాలి ఉంటుంది. బండి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలితిరిగిపోతుంది. నిలబడి ఉన్నప్పుడే మెలితిరిగి ఉన్న రబ్బరు గుంతలో పడితే ఏమవుతుంది? పగులుతుంది. "కొత్త బుష్ ఆర్నెల్లు కూడా రాలేదు, మాల్ మంచిది కాదు" అని తిట్టుకుంటాం. మాల్ మంచిదే. బోల్టును వదులుగా ఉంచి, బండి బరువు చక్రాల మీదికి వచ్చాక చివరి బిగింపు ఇవ్వాలి. మెకానిక్ పక్కన నిలబడి "అన్నా, ఇది బండి దించినంక టైట్ చేద్దాం" అని మర్యాదగా అడగండి. పని తెలిసినవాడు నవ్వి సరే అంటాడు.

పాలీయురేథేన్ బుష్‌లు గట్టిగా ఉంటాయి, స్టీరింగుకు పదును వస్తుంది. రోజూ డ్యూటీకి పోయే బండికి నేను వద్దంటాను. చప్పుడు లోపలికి వస్తుంది, దుమ్ము చేరితే కిర్రుమంటాయి.

ఇవన్నీ అయ్యాకే అలైన్‌మెంట్. వదులు కీళ్ళ మీద అలైన్‌మెంట్ చేయించడం అంటే ఊగే నిచ్చెన మీద గోడకు గీత గీయడం. ముందు, తర్వాత రెండు ప్రింట్లూ అడిగి తీసుకుని నోట్‌బుక్‌లో అంటించండి.

ఇప్పుడు మా మేనల్లుడి స్ప్రింగుల దగ్గరికి వద్దాం. స్ప్రింగు తీగ మందం చిన్నగా మారినా గట్టితనం చాలా మారుతుంది. మందానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. మిగతా కొలతలన్నీ అవే ఉండి 10 మిల్లీమీటర్ల తీగ 11 అయితే స్ప్రింగు 46 శాతం గట్టిపడుతుంది. అంత గట్టి స్ప్రింగు తన్నే తన్నుడును ఆపడానికి పాత షాకప్‌కు ఐదో వంతు ఎక్కువ బలం కావాలి. అది అరిగిన షాకప్ అయితే బండి కుందేలు గెంతులు వేస్తుంది. స్ప్రింగు చుట్టు కోయించేవాళ్ళూ ఉన్నారు. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, కోసిన కొన సీటులో సరిగా కూర్చోదు, షాకప్ ఎప్పుడూ సగం ముడుచుకునే పనిచేస్తుంది. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు.

కిందికి దింపడంలో ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. మన చిన్న కార్లలో ముందు సస్పెన్షన్ దాదాపు అన్నింటికీ మాక్‌ఫర్సన్ స్ట్రట్టే. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజినీరు 1940లలో దాన్ని రూపొందించాడు. చౌక, చోటు తక్కువ పడుతుంది, అందుకే చిన్న కారు ప్రపంచమంతా దాని మీదే నడుస్తోంది. దానిలో కింది ఆర్మ్ కోణానికి ఒక లెక్క ఉంది. బండి ఒరిగేటప్పుడు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు ఎత్తు ఆర్మ్ కోణం మీద ఆధారపడుతుంది. బండిని రెండంగుళాలు దింపితే బరువు కేంద్రం రెండంగుళాలే దిగుతుంది, ఆ ఒరిగే బిందువు మాత్రం అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగితే ఒరగదీసే బలానికి కర్ర పొడవు పెరిగినట్టే. అందుకే దింపిన బండి ఒరగకుండా ఉండాలంటే స్ప్రింగు ఇంకా ఇంకా గట్టిగా ఉండాల్సి వస్తుంది. ఒరుగుడు తగ్గిద్దామని మొదలుపెట్టి ఒరుగుడుకే కారణాన్ని పెంచుకుంటున్నాం.

నేలకు ఎత్తు లెక్క కూడా చూడండి. ముందు చెప్పిన 2018 స్విఫ్ట్‌కు 163 మిల్లీమీటర్లు. రెండంగుళాలు, అంటే 50 తీసేస్తే 113. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకరే 100 మిల్లీమీటర్ల ఎత్తు. మన కాలనీ దారుల్లో ఎవరింటి ముందు వాళ్ళు వేసుకున్నవి ఆ కొలత చూసి వేసినవి కావు. ఐదుగురు ఎక్కి డిక్కీలో సామాను పెడితే మూడున్నర నాలుగు క్వింటాళ్ళు అదనం. తొమ్మిది క్వింటాళ్ళ చుట్టుపక్కల ఉండే బండికి అది తక్కువ బరువేమీ కాదు.

పైకి ఎత్తడంలోనూ ప్రమాదం ఉంది. అది నేనే అనుభవించాను. పాత ఆల్టో ఉన్నప్పుడు, ఇంట్లోవాళ్ళు ఎక్కితే వెనక దిగిపోతుందని ఒక దుకాణంలో వెనక స్ప్రింగుల చుట్ల మధ్య రబ్బరు బఫర్లు వేయించాను. ఐదుగురితో లక్సెట్టిపేట మీదుగా గూడెం గుట్టకు పోయి వచ్చాం, బండి అసలు కూర్చోలేదు, సంబరపడ్డాను. పది రోజులకు తొలకరి పడింది. రెండో షిఫ్ట్ దిగి రాత్రి ఒక్కణ్ణే వస్తున్నాను. టిప్పర్లు తిరిగే మలుపులో బొగ్గు దుమ్ము వానకు తడిసి గ్రీజులా ఉంది. వేగం నలభై కూడా లేదు. మలుపు మధ్యలో చిన్న గతుకు. వెనక చక్రాలు ఎగిరాయి, దిగేసరికి తోక పక్కకు పోయింది. ఎదురుగా లైట్లు లేవు కాబట్టి బతికాను. బండి రోడ్డుకు అడ్డంగా ఆగింది. ఇంజిన్ ఆగిపోయింది. వైపర్లు మాత్రం తిరుగుతున్నాయి.

కారణం తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. బఫరు వేసిన చుట్టు స్ప్రింగులా పనిచేయదు, అంటే వెనక గట్టిపడింది. ఐదుగురి బరువుకు సరిపోయిన ఆ గట్టితనం ఒక్కడి బరువుకు మరీ ఎక్కువైంది. ఏ ఇరుసు గట్టిగా ఉంటే మూలలో ముందు ఆ ఇరుసే జారుతుంది. ముందు జారితే యాక్సిలరేటర్ వదిలి సర్దుకోవచ్చు. వెనక జారితే మనలో చాలామందికి చేతకాదు. వెనక స్టెబిలైజర్ బారు గురించి ఎవరైనా చెప్పినప్పుడు కూడా ఇదే గుర్తుపెట్టుకోండి. ముక్కు చురుగ్గా తిరుగుతుంది, నిజమే. ఆ చురుకుదనం వెనక ఇరుసు పట్టులోంచి తీసిందే. వానకాలం ఈ దారుల్లో ఆ బేరం నాకు ఇష్టం లేదు. వెనక నిజంగానే దిగిపోతుంటే స్ప్రింగు కుంగిందేమో కొలిచి అదే నంబరు కొత్త స్ప్రింగు వేయించండి. సీఎన్‌జీ సిలిండర్ బిగించుకున్నవాళ్ళు ఆ బరువుకు తగ్గ స్ప్రింగు కంపెనీ సీఎన్‌జీ మోడల్‌కు ఇస్తుందేమో అడగండి.

చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నదానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అరిగిన షాకప్ స్థానంలో అదే కొలత కొత్తది వేయడం మరమ్మతు. ఎత్తు మార్చడం, ఫెండరు దాటి బయటికి వచ్చే చక్రాలు వేయడం అలా కాదు. ఏదైనా మార్చే ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి అడగండి. ప్రమాదం జరిగాక వాళ్ళు కింద పడుకుని చూస్తారు.

మా మేనల్లుడు వారం తర్వాత నోట్‌బుక్ తెచ్చాడు. పదకొండు పంక్తులు రాశాడు. వాటిలో ఏడింటిలో ఒకటే మాట ఉంది, "స్పీడ్ బ్రేకర్ తర్వాత మూడుసార్లు ఊగింది." మూలలో ఒరుగుడు రాసింది రెండేసార్లు, రెండుసార్లూ ఇంటిల్లిపాది ఉన్నప్పుడే. ముందు ఎడమ షాకప్ ఒళ్ళంతా జిగట. టైర్లలో గాలి నాలుగింటికీ నాలుగు రకాలు. ముందు రెండు షాకప్‌లు, మౌంట్లు, ఎడమ లింక్ రాడ్డు, రెండు టైర్లు, అలైన్‌మెంట్. ఇవన్నీ చేయించినా లోయరింగ్ స్ప్రింగులకని పెట్టుకున్న డబ్బులో ఇంకా కొంత మిగిలింది.

పని అయ్యాక ఇద్దరం బ్రిడ్జి మీదికి పోయాం. వాడే నడిపాడు. జాయింట్లు వరసగా దాటుతున్నాయి, ఒక్కోటి ఒక్క దెబ్బ, అంతే. ఇందారం వైపు దిగాక బండి పక్కకు ఆపి, "మామా, రిటర్న్‌ల నువ్వు నడుపు, నేను పక్క సీట్ల కూసుండి జూస్త" అన్నాడు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ ఒకసారి పానా పట్టి చూడాలని నోట్‌బుక్‌లో తేదీ రాయించాను. కొత్త రబ్బరు సర్దుకున్నాక బిగింపు కొంత తగ్గుతుంది.